గోటి కొసంత

నిద్రపోతున్న పసిపిల్లను చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. నాకు దడ పుడుతుంది. మనవడు పుట్టిన కొత్తలో వాడు కాస్త ఎక్కువసేపు పడుకుంటే చాలు, నేను పోయి అరికాలు గిల్లి లేపేదాన్ని. "పండుకున్న పిల్లోన్ని లేపి ఏడిపించేది నువ్వొక్కతివే అత్తా" అని మా కోడలు విసుక్కునేది. ఆ అమ్మాయికి నేను కారణం చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ సంగతి కాదది.

డెబ్బైల చివర మాట. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు. పత్తి గింజలు నిలవ చేసే పాత గోడౌనుకు సున్నం కొట్టి, దూలాలకు పది ఉయ్యాలలు కట్టి, పిల్లల రూము అని పేరు పెట్టారు. ఆడవాళ్లు ఎక్కువమంది పనిచేసే చోట వాళ్ల చంటిపిల్లలకు ఒక గది ఉండి తీరాలని చట్టం. అంతే తప్ప మిల్లువాళ్లకు ఉన్నట్టుండి పిల్లల మీద ప్రేమ పుట్టుకొచ్చి పెట్టింది కాదు. గోడకు అవతల జిన్నులు, పత్తిలోంచి గింజ తీసే యంత్రాలు. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా ఆ రొద ఆగేది కాదు. రొదకు పిల్లలు అలవాటు పడతారు, పెద్దవాళ్లమే పడం. నేను మాత్రం మూడు సీజన్లు అక్కడే పనిచేశాను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. మాది దూది ఏకే ఇల్లు. మా నాయన పరుపులు కుట్టేవాడు. పది పాసై, కర్నూలులో మూడు నెలలు పిల్లల పెంపకం ట్రైనింగు చేసి వచ్చానని నాకు కొండంత గర్వం. ఆ మూడు నెలల్లో రాసుకున్న నోటుబుక్కు నాకు కురాను తర్వాత కురాను. కూలి తల్లులకు ఏమీ తెలియదనీ, వాళ్లకన్నీ నేనే నేర్పాలనీ అనుకునేదాన్ని. నాకు పెళ్లి కాలేదు, పిల్ల లేదు, అయినా ముగ్గురు పిల్లల తల్లిని నిలబెట్టి పాలెట్లా పట్టాలో చెప్పేదాన్ని. వాళ్లు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేవారు. టీచరమ్మా అని పిలిచేవారు. ఆ పిలుపుకే నేను పొంగిపోయేదాన్ని.

నాకు తోడుగా ఒక అవ్వ ఉండేది. హాలహర్వి పక్క పల్లె ఆమెది. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేది. పిల్లలందరినీ కూసు అనేది. బిడ్డ అనడానికి వాళ్ల మాట అది. పళ్లు రాలిపోయాయి గానీ చేతుల్లో బలం తగ్గలేదు. పిల్లలకు నీళ్లు పోయడం ఆమె పని. పీట మీద కూర్చుని కాళ్లు బారచాపి, బిడ్డను ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నూనె అంటి, శనగపిండి రుద్ది, చెంబుతో గోరువెచ్చటి నీళ్లు పోసేది. గుక్కపట్టి ఏడ్చే పిల్ల కూడా ఆ కాళ్ల మీద కాసేపటికి ఏడుపు మరిచి మూలిగేది. తర్వాత పిడక నిప్పు మీద సాంబ్రాణి వేసి, ఆ పొగకు తల పట్టి, అరికాలుకు, చెంపకు కాటుక చుక్క పెట్టి నా చేతికిచ్చేది. ఆమె చేతుల్లోంచి వచ్చిన పిల్ల అప్పుడే దింపిన ఇడ్లీలాగా ఉండేది.

పొద్దున ఏడున్నరకు మిల్లు మొదటి కూత, ఎనిమిదికి రెండోది. ఆ అరగంటలో పిల్లలంతా వచ్చిపడేవారు. చంకన ఒకరు, వేలు పట్టుకొని ఒకరు. పొత్తిగుడ్డల మూట ఒక చేత, సద్ది గిన్నె ఒక చేత. రాత్రి పాలు బాగా తాగిందా, ఒళ్లు వెచ్చబడిందా అని ఒక్కో తల్లినీ అడిగి నేను బిడ్డను తీసుకునేదాన్ని. పాకే పిల్లలదీ నడిచే పిల్లలదీ వేరే తంటా. తలుపు సందులోంచి దూది లోపలికి ఎగిరి వచ్చేది. వాళ్లు దాన్ని ఏరుకొని నోట్లో పెట్టుకునేవారు. రోజుకు పదిసార్లు వేలు పెట్టి వాళ్ల నోళ్లలోంచి దూది ముద్దలు తీసేదాన్ని. ఉతికిన పొత్తిగుడ్డలు బయట ఆరేస్తే తడికి నూగు పట్టి అట్ట కట్టేవి. అందుకని గదిలోనే తాడు కట్టి ఆరేసేవాళ్లం. పదకొండుకు నడిచే పిల్లలకు రాగి గంజి. మధ్యాహ్నం చాపల మీద వరసగా పడుకోబెట్టి, ఒకరిని జోకొడుతుంటే ఇంకొకరు లేచి పరుగు.

రోజుకు మూడుసార్లు పాలకూత. ఆ కూతకు తల్లులు పరుగెత్తుకొచ్చేవారు. జుట్టు నిండా, కనుబొమల నిండా దూది నూగు. ఇరవై ఏళ్ల పిల్లలు ముసలమ్మల్లా వచ్చేవారు. కాళ్లూ చేతులూ కడుక్కొని, రొమ్ము తడిగుడ్డతో తుడుచుకుంటే గాని నేను బిడ్డను ఇచ్చేదాన్ని కాదు. పదిహేను నిమిషాలే వాళ్లకు గడువు. మళ్లీ కూత పడేలోగా తాగించి, ఎత్తుకొని, త్రేపు తెప్పించి, ఉయ్యాలలో వేసి పోవాలి.

ఇంత చెప్పి అసలు సంగతి చెప్పకుండా తప్పించుకుంటున్నాను. అసలు సంగతి నల్లమందు.

మా పక్క కూలి పనికి పోయే తల్లులు చాలామంది చంటిబిడ్డకు నల్లమందు పెట్టేవారు. గోటి కొసకు అంటించి, పాలతో తడిపి, బిడ్డ అంగిట్లో రాసేవారు. బిడ్డ మధ్యాహ్నం దాకా లేవదు. తల్లి గట్టున బట్ట పరిచి పడుకోబెట్టి కలుపు తీసుకోవచ్చు. అందులో వాళ్లకు తప్పు కనిపించేది కాదు. వాళ్ల అమ్మలూ అదే చేశారు. నా ట్రైనింగులో మాత్రం అది విషమని చెప్పారు. చిన్న కొసరు ఎక్కువైతే బిడ్డ ఊపిరి తీసుకోవడం మరిచిపోతుందని చెప్పారు. ఆ మాట నోటుబుక్కులో కింద గీత గీసి రాసుకున్నాను.

అందుకే మొదటి వారమే తల్లులందర్నీ నిలబెట్టి చెప్పేశాను. నల్లమందు పెట్టిన బిడ్డను నేను గదిలోకి రానివ్వను. ఒక్కసారి పట్టుబడినా ఆ బిడ్డకు ఇక ఈ గదిలో ఉయ్యాల లేదు. అందరూ తలలూపారు. నేను నమ్మాను. భయపెడితే మానుకుంటారనుకున్నాను గానీ, దాచిపెడతారని నా బుర్రకు తట్టలేదు.

రెండో సీజనులో, దసరా అయిన కొన్నాళ్లకు, ఎమ్మిగనూరు నుంచి ఒక ఆమె వచ్చింది. మగ్గం ఇల్లు వాళ్లది. దేవరగట్టు కర్రల పండగ చూడ్డానికి పోయిన మొగుడికి ఎవరి దెబ్బో తగిలి భుజం విరిగింది. వాడు చెయ్యి పైకెత్తలేడు, మగ్గం నడవదు. బంధువుల ఆసరాతో ఆదోని వచ్చి ఈమె మిల్లులో చేరింది. నాలుగు నెలల పాప. ఆ ఇంట్లో ముగ్గురి తిండీ ఈమె చేతుల మీదే. గది గడప దగ్గర నిలబడి, ఈడ నా పాపను సూసుకుంటారా అని అడిగిన తీరు నాకు గుర్తుంది. అడుక్కున్నట్టు అడిగింది. నల్లమందు సంగతి ఆమెకూ ముందే చెప్పాను, ఆమే తలూపింది.

ఆ పాప ఏడుపు అంతా ఇంతా కాదు. ఉయ్యాలలో వేస్తే ఏడుపు, ఎత్తుకుంటే ఏడుపు. అది మొదలుపెడితే పక్క ఉయ్యాలలు లేచేవి. జిన్నుల రొద మీద కూడా వినపడేది. మేనేజరు ఒకసారి తలుపు దగ్గరికి వచ్చి, ఆ ఏడ్చే పాప తల్లి ఎవరని అడిగి పోయాడు. అంతే అడిగాడు. కానీ సాయంకాలానికి మిల్లంతా ఆ మాట పాకింది. ఎమ్మిగనూరామె మొహం పాలిపోయింది.

రెండు వారాలకు పాప ఏడుపు మానేసింది. నాకు ఎంత సంబరమో! నా పద్ధతి ఫలించిందనుకున్నాను. వేళకు స్నానం, వేళకు పాలు, వేళకు నిద్ర. మేనేజరు వచ్చి, గదిలో పిల్లలున్నట్టే లేదే, మంచి పని చేసినావమ్మా అన్నాడు. ఆ మాట ఇంటికి పోయి మా నాయనకు చెప్పుకున్నాను.

చూడవలసినవన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. పాప పొత్తిగుడ్డలు మూడు పూటలా పొడిగా ఉండేవి. పాలకూతకు తల్లి వచ్చి లేపితే కళ్లు తెరవకుండానే రెండు గుక్కలు చప్పరించి మళ్లీ వాలిపోయేది. తల్లి రొమ్ములు గడ్డకట్టి, నొప్పితో పళ్లు బిగపట్టి, గోడ వారన పాలు పిండి పోసుకునేది. నాలుగు నెలల్లో వచ్చిన బరువు ఐదో నెలలో పెరగలేదు. బుగ్గలు జారాయి. నేను మాత్రం బుద్ధిమంతురాలైన పిల్ల అన్నాను.

ఒకరోజు స్నానాల వేళ గుడ్డల తాడు అవతలికి సబ్బుకోసం పోయాను. అవ్వ కాళ్ల మీద ఆ పాప. అవ్వ చూపుడువేలు పాప నోట్లో. మామూలుగా నాలుక మీద పాచి తీస్తున్నట్టే ఉంది గానీ, ఆమె ఒళ్లో తెరిచిన చిన్న రేకు డబ్బీ ఉంది. అందులో నల్లగా జిగురులాంటిది. అవ్వ తలెత్తి నన్ను చూసింది. డబ్బీ దాచలేదు. నేను సబ్బు తీసుకొని వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఇదే నేను ఎవరికీ చెప్పనిది. నేను చూశాను. నాకు తెలుసు. నోటుబుక్కులో గీత గీసి రాసుకున్నదాన్ని. అయినా తిరిగి వచ్చేశాను. మర్నాడు అవ్వే తనంతట తాను మాట తీసింది. "మీ బుక్కులో ఏం రాసినారో నాకు తెల్దు బిడ్డా. నా ఎనిమిదిమందీ దీన్ని నాకి పెరిగినోళ్లే" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ ఎనిమిదిమందిలో మిగిలింది ముగ్గురేనని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఊరుకోవడానికి నాకు నేను చెప్పుకున్న కారణాలు బోలెడు. ముసలామె, చేయి తిరిగిన మనిషి. కొంచెమే పెడుతుంది. తల్లి పని నిలబడుతుంది. అన్నిటికంటే పెద్ద కారణం, ఆ గదిలో నిశ్శబ్దం నాకు ఇష్టమైపోయింది. మేనేజరు మెచ్చుకోలు ఇష్టమైపోయింది. తల్లికి కూడా ఇంట్లో అదే అలవాటు ఉంటుందేమో అని నాకు తోచనే లేదు. ఎందుకు తోచాలి? నేను చట్టం పెట్టాను కదా. వాళ్లంతా తలలూపారు కదా.

సంక్రాంతి ముందు ఒక రోజు కర్నూలు నుంచి ఆఫీసరమ్మ గది చూడ్డానికి వస్తుందని మేనేజరు చెప్పాడు. ముందురోజు సాయంత్రం బిడ్డలను తీసుకుపోవడానికి వచ్చిన తల్లులందరికీ నేను చెప్పాను. రేపు పెద్ద మేడం వస్తుంది, పిల్లలకు శుభ్రంగా బట్టలు వేసి తీసుకురండి, ఎవరి బిడ్డా రాగాలు తీయకూడదు అని నవ్వుతూనే అన్నాను. నవ్వుతూనే అన్నానని ఇప్పటికీ సమర్థించుకుంటూ ఉంటాను.

మర్నాడు ఎమ్మిగనూరామె పాపను తెచ్చేసరికి పాప నసుగుతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి, మళ్లీ తెరుచుకొని నసుగుతోంది. నాకు ఎందుకో అనుమానం వచ్చింది.

"ఏమన్నా ఇచ్చినావా?" అని అడిగాను.

"ఏం ఇయ్యలేదు టీచరమ్మా. పాప మీద ఆన" అంది.

పాప తల మీద చెయ్యి వేసి మరీ చెప్పింది. రెండో కూత పడింది, ఆమె పరుగెత్తింది. పాప నస ఎక్కువైంది. నేను గోడకు బొమ్మలు తగిలిస్తున్నాను. అవ్వ పాపను ఎత్తుకొని నా వైపు చూసింది. అడుగుతున్నట్టే చూసింది. నేను వద్దనలేదు. మేకుకు బొమ్మ తగిలించడంలో మునిగిపోయాను. అవ్వ గుడ్డల తాడు వెనక్కి పోయింది.

ఆఫీసరమ్మ పదికి వచ్చింది. ఉయ్యాల ఉయ్యాలకూ వంగి చూసింది. ఎమ్మిగనూరు పాప దగ్గర ఆగి, ఎంత హాయిగా నిద్రపోతుందో అంది. పుస్తకంలో ఏదో మంచిగా రాసింది. మేనేజరు ఆమెను టీకి తీసుకుపోతూ నా వైపు తిరిగి తల పంకించాడు. నేను గాల్లో ఉన్నాను.

వాళ్లు పోయాక పాలకూత పడింది. తల్లులు వచ్చారు. ఎమ్మిగనూరామె ఉయ్యాలలోంచి పాపను తీసి ఒళ్లో వేసుకుంది. రొమ్ము నోటికి అందించింది. పాప నోరు మూయలేదు, చప్పరించలేదు. తల వెనక్కి పడిపోయింది. ఆమె మళ్లీ అందించింది. పాలు పాప పెదవి పక్క నుంచి చెవి మీదికి కారాయి.

నేను పోయి పాపను తీసుకున్నాను. ఒళ్లు చల్లగా, తడిగుడ్డలా ఉంది. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. కనురెప్ప ఎత్తితే నల్లగుడ్డులో కంటిపాప ఆవగింజంత కూడా లేదు. ఊపిరి వచ్చింది. తర్వాత రాలేదు. నేను లెక్కపెట్టాను. తొమ్మిది అంకెల దాకా రాలేదు. మళ్లీ ఒకటి వచ్చింది. అవ్వ అరికాళ్లు చరుస్తోంది, మొహం మీద నీళ్లు చల్లుతోంది, కూసూ కూసూ అని పిలుస్తోంది. తక్కిన తల్లులు తమ తమ పిల్లలను గుండెకు అదుముకొని గోడకు జరిగారు.

మిల్లు గేటు ముందు జట్కా దొరికింది. నేను, అవ్వ, పాపను ఒళ్లో పెట్టుకొని తల్లి. బజారంతా పండగ బేరాలు, రంగుల పొట్లాలు, చెరకు గడలు. జట్కావాడు అరుస్తున్నా జనం తప్పుకోవడం లేదు. దారి పొడుగునా నేను పాప చెవి తమ్మె గిల్లుతూనే ఉన్నాను. గిల్లినప్పుడల్లా ఒక ఊపిరి. గిల్లడం ఆపితే లేదు.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడే. పాప కళ్లు చూడగానే అతనికి సగం అర్థమైంది. పాపను బల్ల మీద పడుకోబెట్టి, ముక్కు దగ్గర ఆక్సిజను గొట్టం పెట్టిస్తూ, తలెత్తకుండా అడిగాడు. ఏమిచ్చారు, ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు.

ముగ్గురం ఆడవాళ్లం నిలబడి ఉన్నాం. ముగ్గురిలో మొదట నోరు తెరిచింది నేనే. ఏమీ ఇవ్వలేదు సార్, పొద్దున బాగానే ఉండె అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. చదువుకున్నదాన్ని కదా, డాక్టరు నన్నే నమ్ముతాడని కూడా తెలుసు నాకు. పాప ఛాతీ ఎగరడం ఆగింది. నర్సు అరికాలు గట్టిగా గిల్లింది. మళ్లీ ఎగిరింది.

అవ్వ ముందుకు జరిగింది. "నేనిచ్చినా సామీ. నల్లమందు. గోటి కొసంత. పొద్దున నీళ్లు పోసినాక" అంది. నా వైపు చూడలేదు. నేను చూశానని చెప్పలేదు.

డాక్టరు ఆ గోరు చూశాడు. ఆమె డబ్బీ తీసి చూపించింది. అంతకే ఇట్లా కాదే అన్నాడు. ఇంకేమన్నా ఇచ్చారా, ఎంతో తెలిస్తే గాని నేను సరిగ్గా చేయలేను, చెప్పండి అని ఈసారి తల్లినే అడిగాడు. ఆమె కళ్లు డాక్టరు మీద లేవు, పాప మీద లేవు. నా మీద ఉన్నాయి. నాకు మొదట అర్థం కాలేదు. ఆమె భుజాలు పట్టుకొని ఊపాను, చెప్పవే అని.

"సెప్తే పాపను మల్లా రూములోకి తీసుకోవు గదా టీచరమ్మా" అంది.

బల్ల మీద బిడ్డ చచ్చిపోతోంది. ఆ తల్లి నా చట్టానికి భయపడుతోంది. నా జన్మలో నేనెప్పుడూ అంత చిన్నబోలేదు. తీసుకుంటాను, ఒట్టు, తీసుకుంటాను అన్నాను. అప్పుడు చెప్పింది. పొద్దున ఇంట్లో తనూ పెట్టింది. రోజూ పెడుతుంది. మేనేజరు వచ్చి అడిగిపోయినప్పటి నుంచీ పెడుతూనే ఉంది. ఈరోజు పెద్ద మేడం వస్తుందని నేను చెప్పాను కాబట్టి రోజుటి కంటే రెట్టింపు పెట్టింది. పెట్టినా పాప నసుగుతూనే ఉండడంతో మందు పట్టలేదనుకొని భయపడుతూనే తెచ్చి నాకిచ్చింది. అవ్వకు ఆ సంగతి తెలియదు. తల్లికి అవ్వ సంగతి తెలియదు. రెండు నెలలుగా ఇద్దరూ ఆ పాపకు పొద్దుపూట ఒకరి తర్వాత ఒకరు మందు పెడుతున్నారు. ఇద్దరి మధ్యా నిలబడి పాపను ఈ చేత్తో తీసుకొని ఆ చేత్తో అందించింది నేను.

ముక్కులోంచి సన్న గొట్టం వేసి కడుపు కడిగారు. సూదులు వేశారు. తర్వాత మా పని ఒక్కటే, పాపను నిద్రపోనివ్వకపోవడం. మధ్యాహ్నమంతా వంతులవారీగా గిల్లాం, తట్టాం, తడిగుడ్డ వేశాం. అవ్వ చేతులు ఒక్క నిమిషం ఆగలేదు. పొద్దు వాలుతుండగా పాప మొహం ముడుచుకుంది. నోరు చదరంగా తెరిచింది. ఏడ్చింది. సన్నగా, పిల్లి కూనలాగా. తల్లి నేల మీద కూలబడి తానూ ఏడ్చింది. ఎవరి ఏడుపు విన్నా నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు మేనేజరు అవ్వను పిలిచి పనిలోంచి తీసేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నువ్వు చూడలేదా అని నన్నూ అడిగాడు. స్నానాల వేళ నేను అటు పోనండీ అన్నాను. అవ్వ తన గుడ్డ సంచి సర్దుకుంది. పీట కడిగి గోడకు ఆనించింది. నడిచే పిల్లల్లో ఒకడు ఆమె చీర పట్టుకొని వెంటబడితే వాడి నోట్లోంచి దూది తీసి, వాణ్ణి తెచ్చి నా చేతికిచ్చి పోయింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాలుగో రోజు ఎమ్మిగనూరామె మళ్లీ పనికి వచ్చింది. పోయే చోటు ఇంకోటి లేదు కదా. పాపను భుజాన వేసుకొని గడపలో నిలబడింది. నాకు మొహం చెల్లక పొత్తిగుడ్డలు మడత పెడుతున్నాను. ఆమె గొంతులో కోపం లేదు. కూరలో ఉప్పు వేశావా అని తోటికోడలిని అడిగినట్టు అడిగింది.

"ఇట్ల రోజూ నేనే ఇచ్చి తేవాల్నా, లేకపోతే ఈడ నువ్వే ఇస్తావా? ఎవరో ఒకరే ఇద్దాం టీచరమ్మా."

చావు దాకా పోయి వచ్చిన బిడ్డ నుంచి ఆమె నేర్చుకున్నది అదీ. నేను గట్టిగా చెప్పాను, ఎవరూ ఇవ్వొద్దు, ఏడిస్తే ఏడవనీ, నేను ఎత్తుకుంటాను అని. ఎత్తుకున్నాను కూడా. రోజూ మందుకు అలవాటు పడిన ఒళ్లు అది లేకపోతే ఏమవుతుందో నా నోటుబుక్కులో లేదు. పాప ఐదు రోజులు ఏడ్చింది. చెమటలు, వాంతులు, వణుకు. పాలు తాగదు, పడుకోదు. వెన్ను విల్లులా వంచి ఏడుపు. ఒకసారి భయపడి ఆసుపత్రికి తీసుకుపోయాను. ఓర్చుకోండి, తగ్గుతుంది, వదలకండి అన్నారు. అవ్వ లేదు. నీళ్లు నేనే పోయాలి, గంజి నేనే కాచాలి, చంకన ఈ పాప. దాని ఏడుపుకు పదిమందీ లేచి ఏడ్చేవారు. తల్లులు పాలకూతకు వచ్చి తమ పిల్లల ఎర్రబడ్డ కళ్లు చూసుకొని ఎమ్మిగనూరామెను కొరకొరా చూసేవారు. ఐదో రోజు మేనేజరు వచ్చాడు. మాకిదంతా కిట్టదమ్మా, వచ్చే వారం నుంచి ఏడాది లోపు పిల్లలున్నవాళ్లను పనిలోకి తీసుకోవద్దని చెప్పేస్తాను అన్నాడు. అతనికి అదేం పెద్ద మాట కాదు. ఆ గదిలో ఏడాది లోపు పిల్లలు ఏడుగురు.

ఆ సాయంత్రం నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. పెట్టమని అనలేదు, వద్దనీ మళ్లీ చెప్పలేదు. మేనేజరు మాట మాత్రం, తల్లులంతా వింటుండగా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

పాప బతికింది. ఆ సీజను ఆఖరు దాకా నా గదిలోనే ఉంది. ఎండలకు జిన్నులు ఆగిపోయాక వాళ్లు ఎమ్మిగనూరు వెళ్లిపోయారు. భుజం బాగై అతను మళ్లీ మగ్గం ఎక్కాడో లేదో, పాప పెద్దదైందో లేదో నాకు తెలియదు. తర్వాత ఏళ్లలో ఎన్నోసార్లు ఎమ్మిగనూరు పోయాను, బస్టాండులో దిగి నా పని చూసుకొని వచ్చేశాను, వాళ్ల వీధికి పోలేదు. అయినా నన్ను ఇన్నాళ్లూ తినేస్తున్నది అది కాదు. ఆరో రోజు పొద్దున.

ఆరో రోజు పొద్దున ఎమ్మిగనూరామె పాపను నిద్రలోనే తెచ్చింది. ఆమె నా కళ్లలోకి చూడలేదు. నేను ఏమీ అడగలేదు. పాపను రెండు చేతులా అందుకున్నాను. ఒళ్లు మెత్తగా, బరువుగా ఉంది. రెప్ప ఎత్తి చూడాలి. నాకు తెలుసు చూడాలని. చూడలేదు. ఉయ్యాలలో వేసి గుడ్డ కప్పాను. రెండో కూత పడింది, ఆమె పనికి పోయింది. గదిలో ఎవరూ ఏడవడం లేదు. నాకు కోపం రావాలి, భయం వేయాలి. నిజం చెబుతున్నాను, ఆ రెండూ కలగలేదు. హమ్మయ్య అనుకున్నాను.